గాజు పనికి తొంభై మార్కులు, నీళ్ల లెక్కకి ముప్పై: ఆర్డర్ మీద చేయించుకున్న రీఫ్ ట్యాంక్ సంప్

సంప్ చేయించుకుంటున్నానని చెప్తే మా అమ్మ "అపార్ట్‌మెంట్ కింద ఉన్నది చాలదా, ఇంకోటి ఎందుకురా" అంది. ఆ సంప్ కాదమ్మా, చేపల తొట్టి కింద స్టాండ్‌లో పెట్టే ఇంకో గాజు తొట్టి అంటే, తొట్టికి తొట్టి ఎందుకని ఇంకా అయోమయంగా చూసింది. పై తొట్టి నీళ్లు అందులోకి దిగి, శుభ్రపడి, పంపుతో మళ్లీ పైకి వెళ్తాయి. ఈ రివ్యూ ఆ రెండో సంప్ గురించి. హైదరాబాద్‌లో కొలతలిస్తే అక్వేరియంలు చేసిచ్చే ఒక షాపులో చేయించాను. పేరు రాయట్లేదు, ఎందుకంటే గొడవ సగం సర్దుకుంది, మిగతా సగం ఇంకా నడుస్తోంది.

నాది 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి. రెండు క్లౌన్ చేపలు, మెత్తటి రకాల్లో ఒక లెదర్ కోరల్, కొన్ని జోయాంథిడ్స్, మష్రూమ్ కోరల్స్ ఉన్నాయి. రాతి పగడాల జోలికి పోలేదు. అవి మన వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, దొంగచాటుగా అమ్మేవాళ్లు ఎంత ఊరించినా ఆ టెన్షన్ నాకొద్దు. సంప్ కొలతలు 90, 40, 40 సెంటీమీటర్లు, 8 ఎంఎం గాజు. అయిదు గదులు: మొదట నీళ్లు దిగే చోట ఫిల్టర్ సాక్ (మురికి పట్టే గుడ్డ సంచి), తర్వాత స్కిమ్మర్ (బుడగలతో నురగ చేసి, మురికిని పైనున్న గిన్నెలాంటి కప్పులోకి తీసేది), తర్వాత నాచు పెంచే రెఫ్యూజియం, తర్వాత బుడగలు ఆపడానికి మూడు గాజు పలకలు, చివర్లో నీటిని పైకి తోసే పంపు. పలకలతో కలిపి 11,000 తీసుకున్నారు.

ముందు బాగున్నవి చెప్తాను. గాజు పని అద్భుతం, ఇందులో రెండో మాట లేదు. అంచులు అరచేత్తో రుద్దినా గీసుకోవు, సిలికాన్ గీతలు టేపు పెట్టి తీసినట్టు నిటారుగా ఉన్నాయి. బాత్రూమ్‌లకి వాడే, బూజు పట్టకుండా మందు కలిపిన సిలికాన్ ఇలాంటి ట్యాంకుల్లో వాడకూడదు. ఆ సంగతి నేను చెప్పకముందే షాపు ఆయన చెప్పారు, అతికించాక వారం రోజులు ఎండనివ్వకుండా ఇవ్వనని కూడా అన్నారు. పైగా ఇంటికొచ్చి స్టాండ్ తలుపు వెడల్పు కొలిచి, స్కిమ్మర్ కప్పు పైకి తీయడానికి పైన ఖాళీ ఉందా లేదా అని కూడా చూసుకున్నారు. తెలిసిన ఒకాయన సంప్ ఇంటికొచ్చాక స్టాండ్‌లో పట్టక, స్టాండ్ వెనక చెక్క కోయించాడు, అందుకే ఈ కొలత విలువ నాకు తెలుసు.

బుడగల పలకలు కూడా చక్కగా పెట్టారు. నీళ్లు మొదటి దాని పైనుంచి, రెండో దాని కిందనుంచి, మూడో దాని పైనుంచి పోవాలి, మధ్యలో రెండున్నర సెంటీమీటర్ల సందు ఉండాలి. మెయిన్ ట్యాంకులో ఒక్క బుడగ కనిపించదు.

ఇక్కడితో పొగడ్తలు అయిపోయాయి.

మొదటి తేడా స్కిమ్మర్ దగ్గర బయటపడింది. నా స్కిమ్మర్ డబ్బా మీద 20 నుంచి 22 సెంటీమీటర్ల లోతు నీళ్లలో పెట్టాలని రాసుంది. సంప్‌లో ఆ గది నీటి మట్టాన్ని పట్టి ఉంచే పలక ఎత్తు 30. అంటే స్కిమ్మర్ ఎప్పుడూ ఎనిమిది సెంటీమీటర్లు ఎక్కువ మునిగి ఉంటుంది, నురగ చిక్కబడకముందే కప్పులోకి ఎక్కేస్తుంది, పొద్దున లేచేసరికి కప్పు నిండా పలచటి టీ నీళ్లలాంటివి. ఫోన్ చేస్తే "కొత్త స్కిమ్మర్ కదా సార్, పదిరోజులు ఆగుండ్రి, సెట్ అయితది" అన్నారు. కొత్త స్కిమ్మర్లు మొదట్లో అలా చేసేది నిజమే కాబట్టి నేనూ నమ్మి ఊరుకున్నాను. డబ్బా మీద రాసిన అంకె నా కళ్ల ముందే ఉంది, అయినా ఆగాను, అది నా తప్పు.

తర్వాత మే నెలలో ఒక సాయంత్రం గాలివాన. మా దగ్గర గాలి వీస్తే చాలు, వాన పడకముందే కరెంటు పోతుంది. జనరేటర్ అందుకోవడానికి కొంచెం టైం పడుతుంది, అదీ ఆ రోజు అందుకోలేదు. పంపు ఉన్న ప్లగ్గు ఇన్వర్టర్ లైన్ మీద లేదు. పది నిమిషాల తర్వాత మా ఆవిడ హాల్లోంచి "ఏవండీ, కాళ్లకి తడి తగులుతోంది" అంది. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే స్టాండ్ కింద నుంచి ఉప్పునీళ్లు సోఫా దాకా వెళ్లిపోతున్నాయి. ఏడెనిమిది లీటర్లు పోయి ఉంటాయి. నీళ్లు పోయినందుకు నాకు బాధ లేదు, ఉప్పు గాఢత పెద్దగా మారి ఉండదు. నా గుండె ఆగింది ఎక్స్‌టెన్షన్ బాక్స్ స్టాండ్ అడుగున నేల మీదే ఉన్నందుకు. కరెంటు లేనందుకు బతికిపోయాం. ఇప్పుడు అది గోడకి, ఎత్తులో ఉంది, వైర్లు ముందు కిందకి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా కట్టాను. జారిన నీటిబొట్టు అడుగునే రాలిపోతుంది.

ఆ రాత్రి నిద్ర పట్టక కాగితం మీద లెక్క వేశాను, ముందే వేయాల్సిన లెక్క. పై ట్యాంకులో ఒక్క సెంటీమీటర్ నీళ్లంటే 7.2 లీటర్లు. పంపు నీళ్లు వదిలే నాజిల్ నీటి మట్టానికి 5 సెంటీమీటర్ల కింద ఉంది. పంపు ఆగగానే అదే పైపు వెనక్కి సైఫన్ అయి, నాజిల్ మూతి గాలికి తేలేదాకా నీటిని కిందకి లాగుతుంది. అంటే 36 లీటర్లు. ఓవర్‌ఫ్లో బాక్సులో (పై ట్యాంకు నీళ్లు పొంగి కిందకి దిగే డబ్బా), పైపుల్లో ఉన్నవి ఇంకో పది పైన. మొత్తం 46 అనుకుందాం. సంప్‌లో ఒక్క సెంటీమీటర్ అంటే 3.6 లీటర్లు. పలక 30 దగ్గరుంటే పైన మిగిలింది పది సెంటీమీటర్లు, పంపు గదిలో మట్టం కొంచెం తక్కువ ఉంటుంది కాబట్టి ఇంకాస్త కలిపినా 40 లీటర్ల లోపే పడతాయి. మిగిలినవి మా హాల్లోకి వచ్చాయి. స్కిమ్మర్ పొంగడానికీ హాలు తడవడానికీ కారణం ఒక్కటే, ఆ ఎనిమిది సెంటీమీటర్ల గాజు.

షాపువాళ్లు లీక్ టెస్ట్ చేయలేదని కాదు, రెండు రోజులు నీళ్లు నింపి ఉంచారు, నాకు వీడియో కూడా పంపారు. కానీ అది నిలబెట్టిన నీళ్లతో చేసిన పరీక్ష. పంపు నడిపి, ప్లగ్గు పీకి, నీళ్లు ఎక్కడిదాకా లేస్తాయో చూడలేదు. ఇంట్లో పెట్టినప్పుడు నేనూ చూడలేదు.

ఆదివారం ఆయనే స్వయంగా వచ్చారు. మొదట "మీరు నీళ్లు ఎక్కువ నింపిన్రు" అన్నారు, కాగితం చూపించాక రెండు నిమిషాలు మాట్లాడలేదు, తర్వాత "మేము అందరికీ ఇదే కొలతతోని కడ్తం సార్, సంప్‌ల నీళ్లు ఎక్కువుంటే మంచిది కదా అని" అన్నారు. ఆ మాటలో మోసం లేదు, ఎక్కువ నీళ్లు మంచివే, కాకపోతే మన ఊళ్లో కరెంటు పోతుంది. ఇంకోటి, "చెక్ వాల్వ్ పెట్టుకోండి, వెనక్కి రావు" అని సలహా ఇచ్చారు. ఉప్పునీళ్లలో చెక్ వాల్వ్‌ని నేను నమ్మను, సున్నంలాంటి పొర పేరుకుని, లేదా ఒక చిన్న నత్త ఇరుక్కుని, సరిగ్గా కావాల్సిన రోజే మూసుకోదు. సైఫన్ తెగడానికి పైపుకి వేసే చిన్న రంధ్రం కూడా అంతే, నాచు మూసేస్తుంది. నాజిల్‌ని పైకి జరపడమే సరైన పని. ఒకటిన్నర సెంటీమీటర్ లోతుకి తెచ్చాను, ఇప్పుడు వెనక్కి వచ్చేది బాక్సుతో కలిపి 22 లీటర్లు దాటదు.

పలకని 22 సెంటీమీటర్లకి తగ్గించడానికి సంప్ షాపుకి పోవాల్సి వచ్చింది. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ అతకదు, మొత్తం గీకి, ఉప్పు కడిగి, ఆరబెట్టి మళ్లీ వేయాలి. తొమ్మిది రోజులు ట్యాంకు సంప్ లేకుండా నీటిని కదిలించే ఒక్క వేవ్‌మేకర్ మీద నడిచింది, చేపలకి మేత సగానికి సగం తగ్గించాను. దీనికి 1,500 తీసుకున్నారు. ఇదే నాకు మింగుడు పడలేదు. కొలత వాళ్లది, స్కిమ్మర్ ఏదో ఆర్డర్ ఇచ్చిన రోజే చెప్పాను.

పైపుల సంగతి వేరే. నీళ్లు సంప్‌లోకి దిగడానికి ట్యాంకుకి ఒకటే రంధ్రం చాలన్నారు, నేను పట్టుబట్టి రెండు పెట్టించాను: ఒకటి నిండా పారే సైఫన్, రెండోది అది మూసుకుపోతే దిగడానికి ఖాళీగా ఉండే గొట్టం. సైఫన్‌ని సన్నగా తిప్పి సర్దడానికి గేట్ వాల్వ్ కావాలి. నేనడిగిన హార్డ్‌వేర్ షాపులన్నిట్లో ఇత్తడివే ఇచ్చారు. ఇత్తడిలో రాగి ఉంటుంది, అది నీళ్లలోకి దిగితే కోరల్స్, రొయ్యలు చచ్చిపోతాయి. ప్లాస్టిక్‌ది ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ఈ షాపువాళ్ల ప్లంబర్ ఇత్తడిది బిగించబోయాడు, పక్కనే ఉన్నాను కాబట్టి ఆగింది.

మళ్లీ చేయించుకుంటే ఒకటి మారుస్తాను. 20 సెంటీమీటర్ల రెఫ్యూజియం అలంకారానికే, అందులో పట్టే నాచు, చేపల వ్యర్థాల వల్ల పేరుకునే నైట్రేట్‌ని పెద్దగా తగ్గించలేదు. ఆ చోటు పంపు గదికి ఇచ్చి ఉండాల్సింది. మిగతా గదుల్లో మట్టాన్ని పలకలు పట్టి ఉంచుతాయి, ఆవిరైన నీళ్ల లోటు మొత్తం పంపు గదిలోనే కనిపిస్తుంది. ఎండాకాలం ఫ్యాన్ పెడితే రోజుకి ఆరు లీటర్లు పోతున్నాయి, అంటే ఈ చిన్న గదిలో ఏడెనిమిది సెంటీమీటర్లు, ఒక రోజు మర్చిపోతే పంపు గాలి పీలుస్తుంది. తగ్గిన నీళ్లు తనంతట తానే నింపే ఆటో టాప్-అప్ లేకుండా ఈ డిజైన్ నడవదు. అందులోనూ ఉప్పు కలపని నీళ్లే పోయాలి, ఆవిరయ్యేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది.

ఎవరైనా అడిగితే ఈ షాపుకి వెళ్లమనే చెప్తాను. గాజు పని నేను చూసినవాటిలో ఇంత శుభ్రంగా ఇంకెక్కడా లేదు. కానీ మీ డ్రాయింగ్ మీరు తీసుకెళ్లండి, పలకల ఎత్తు సెంటీమీటర్లలో రాసి ఆయనతో సంతకం పెట్టించుకోండి. ఇంటికొచ్చాక ఆయన ఉండగానే ప్లగ్గు పీకి చూడండి. మా సంప్ గాజు మీద ఇప్పుడు మార్కర్‌తో రెండు గీతలున్నాయి, ఒకటి పంపు నడిచేటప్పటి మట్టం, ఒకటి ఆగినప్పటిది, నెలకోసారి ప్లగ్గు పీకి రెండో గీత దాటలేదని చూసుకుంటున్నాను. ఫిల్టర్ సాక్ పైన పెట్టిన యాక్రిలిక్ మూత మాత్రం తేమకి అప్పడంలా వంగిపోయింది. మార్చి ఇస్తానన్నారు, రెండు నెలలైంది, ఇంకా ఇవ్వలేదు.