తాటిపూడిలో బోటు మీద పుట్టినరోజు: ఊరి క్యాటరింగూ, ఒడ్డున వేసిన వడలూ

మా మావయ్య గారికి ఈ కార్తీకంలో డెబ్బై నిండాయి. ఫంక్షన్ హాలు, భోజనాలు ఏవీ వద్దన్నారు. "తాటిపూడి నీళ్ళ మీద అందరం ఓ రెండు గంటలు తిరిగొద్దామమ్మా, నాకదే చాలు" అన్నారు. ఆ కోరిక ఊరికే పుట్టింది కాదు. విజయనగరం జిల్లాలో గోస్తనీ నది మీద ఆ రిజర్వాయరు 1963 నుంచి 1968 దాకా కట్టారు. ఆ గట్టుకు మట్టి మోసిన వాళ్ళలో మావయ్య గారి నాన్నగారు ఒకరు. ఈయన చిన్నప్పుడు అన్నం కేరేజీ పట్టుకుని రోజూ అక్కడికి నడిచి వెళ్ళేవారట. తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా గట్టు మీద నిలబడి చూసి రావడమే తప్ప బోటు ఎక్కింది లేదు.

అందుకే అంత ఇష్టంగా ఏర్పాట్లు చేశాం. అందుకే క్యాటరింగ్ వాళ్ళు చేసిన పనికి ఇప్పటికీ నా కడుపు మండుతూనే ఉంది. బోటు మీద పార్టీ చేద్దామనుకునే వాళ్ళు మాలా మోసపోకూడదని ఇదంతా రాస్తున్నాను.

మిగతావన్నీ బాగానే జరిగాయి. పలాస నుంచి ఆడపడుచు వాళ్ళు ముందు రోజే రైల్లో దిగారు. విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో మూడు గదులు, ఒక్కోటి 1,400 రూపాయలు, శుభ్రంగా ఉన్నాయి. మినీ బస్సు రానూపోనూ 4,800. బోటు మొత్తం మాకే, రెండు గంటలకు 5,500. పిల్లలతో కలిపి 26 మందిమి.

ఇక తిండి సంగతి. బోటులో కూర్చుని అన్నం, పప్పు తినడం కుదరదు కాబట్టి చేత్తో పట్టుకుని తినేవే పెట్టాలనుకున్నాం. నేను ఇంట్లోనే చేస్తానన్నాను. మా మరిది ఒప్పుకోలేదు. "వదినా, ఆ ఒక్కరోజైనా మీరు కూర్చోండి" అని టౌనులో ఒక క్యాటరింగ్ అతన్ని తీసుకొచ్చాడు. అతను చెప్పిన మాటలు వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. "బోటులోనే స్టవ్ పెట్టి మా కుర్రాడు వేడివేడిగా వేయించి ఇస్తాడండీ" అన్నాడు. ఆరు రకాలు రాసిచ్చాడు: గోబీ మంచూరియా, వెజ్ కట్లెట్, పనీర్ టిక్కా, మిర్చి బజ్జీ, శాండ్‌విచ్, జిలేబీ. ప్లేటు 320. మేం 26 మందిమే అయినా 30 ప్లేట్లకు తక్కువ తీసుకోనన్నాడు, అంటే 9,600. రవాణాకు 1,200. ఆరు వేలు అడ్వాన్సు ఇచ్చాం. అత్తయ్య గారు కార్తీక మాసమంతా ఉల్లి, వెల్లుల్లి తినరని మూడుసార్లు చెప్పాను. "రాసుకున్నానమ్మా" అన్నాడు.

ఆదివారం మేం తొమ్మిదిన్నరకల్లా గట్టు దగ్గర ఉన్నాం. గంట్యాడ దాటాక కొండలు దగ్గరవుతుంటే మావయ్య గారు కిటికీ దగ్గర కూర్చుని పిల్లలకు ఒక్కో చెరువూ పేరు పెట్టి చెబుతున్నారు. ఆ హుషారంతా పదిన్నరకల్లా నీరసించింది. బోటు వేళ దాటిపోతోంది, క్యాటరింగ్ వ్యాను జాడ లేదు. ఫోన్ చేస్తే "దారిలో ఉన్నాం" అంటాడు. కార్తీకంలో ఆదివారం అంటే ఎన్ని వనభోజనాలు ఉంటాయో మనకు తెలియనిదేం కాదు. మాకంటే ముందు ఇంకో రెండు పిక్నిక్‌లకు దింపి వస్తున్నారని వ్యాను డ్రైవరే తర్వాత చెప్పాడు. మా వారు గట్టు మీద అటూ ఇటూ నడుస్తున్నారు, మరిది తలెత్తడం లేదు. వాడి మీద కోపం వచ్చినా ఏమీ అనలేకపోయాను.

పదకొండుంపావుకు వ్యాను వచ్చింది. కుర్రాడు గ్యాస్ సిలిండరు దించగానే బోటు ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "మంట బోటెక్కదు బాబూ" అన్నాడు. అతను చేసింది నూటికి నూరు శాతం సరైన పని. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు ఎన్ని కుటుంబాలు పోయాయో ఎవరం మరిచిపోలేదు. నీళ్ళ మధ్య, పిల్లల మధ్య మరిగే నూనె పెట్టుకోవాలన్న ఆలోచనే తప్పు. మేం అడిగి ఉండాల్సింది క్యాటరింగ్ అతన్ని కాదు, ముందు బోటు వాళ్ళని. అది మా పొరపాటు, ఒప్పుకుంటున్నాను. కానీ బోట్ల మీద చాలా పార్టీలు చేశానని చెప్పిన మనిషికి ఆ మాత్రం తెలియదా?

వేయించే వీలు లేదు కాబట్టి పొద్దున్నే టౌనులో వేయించి తెచ్చిన ట్రేలే బోటులోకి ఎక్కించారు. మంచూరియా ట్రే మీద రేకు తీస్తే లోపలి ఆవిరి నీళ్ళయి బొట్లు బొట్లుగా ముక్కల మీద కారింది. ఒక ముక్క ఎత్తితే పై పిండి తడిసిన కాగితంలా ఊడి ట్రేలోనే ఉండిపోయింది, చేతికి ఉడికిన గోబీ ఒక్కటే వచ్చింది. దగ్గరికి తీసుకుంటే గుప్పుమని వెల్లుల్లి వాసన. అత్తయ్య గారు ప్లేటు పక్కన పెట్టేసి "మీరు తినండమ్మా, నాకు ఆకలి లేదు" అన్నారు. పొద్దున్నుంచి ఆవిడ కాఫీ తప్ప ఏమీ తీసుకోలేదని నాకు తెలుసు.

ఆరు రకాల్లో వచ్చినవి నాలుగే. పనీరు లేదు, జిలేబీ లేదు. కట్లెట్లు ప్లేటుకు మూడు చొప్పున 90 రావాలి. మా తోటికోడలు కొడుకు లెక్కపెడితే 54 ఉన్నాయి. శాండ్‌విచ్‌లలో మయోనీజ్ రాశారు. అవి ఎండలో, వ్యానులో ఎన్ని గంటలు తిరిగాయో తెలియదు కాబట్టి పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. అలాంటివి, వండిన కూరలు కూడా, రెండు గంటలకు మించి బయటి వేడిలో ఉంటే తినకపోవడమే మంచిది.

బోటులో అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది, అది ఎక్కితే గానీ తెలియదు. అందరూ లైఫ్ జాకెట్ వేసుకుని ఉంటారు. ఛాతీ దగ్గర అంత ఎత్తున ఉంటే ఒళ్ళో ప్లేటు కనబడదు, వంగడానికి రాదు. ఒక చెయ్యి కమ్మీ పట్టుకోవాలి. ఇక మిగిలింది ఒక్క చెయ్యే. ఆ చేత్తో సాసులో ముంచుకుని తినడం ఎలా? గాలి ఒక్కసారి కొట్టేసరికి రెండు పేపర్ ప్లేట్లు లేచి నీళ్ళలో పడ్డాయి. ప్లాస్టిక్ కప్పులో పోసిన ఎర్ర సాసు తిరగబడి మావయ్య గారి చొక్కా మీద పడింది. అది పొందూరు ఖద్దరు. వాలుగ చేప దవడతో దూదిని శుభ్రం చేసి, చేత్తో వడికి నేసే ఆ బట్టను ఆయన ఈ రోజు కోసమే కుట్టించుకున్నారు. తెల్లని గుడ్డ మీద అరచేయంత ఎర్ర మరక. ఆయన కండువాతో కప్పుకుని "ఏటీ కాదులే, అటు చూడండి, ఆ మలుపులోనే మా నాన్న వాళ్ళు పని చేసేవాళ్ళు" అని చెయ్యెత్తి చూపించారు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఆ కప్పుల గురించి కూడా చెప్పాలి. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు 2022 జూలై 1 నుంచి నిషేధం. పైగా తాటిపూడి నీళ్ళు విశాఖపట్నం తాగునీటికి వెళ్తాయి. పడిన ప్లేట్లను బోటు ఆయన గడ కర్రతో లాగి తీసేదాకా నాకు మనసు కుదుట పడలేదు.

ఒడ్డుకు వచ్చేసరికి పన్నెండు ముప్పావు, అందరికీ ఆకలి. గట్టు కింద టీ బడ్డీ దగ్గర ఒకావిడ మూకుడు పెట్టుకుని కూర్చుంది. మా వారు వెళ్ళి వడలు అడిగితే ఆవిడ ముందుగా అన్న మాట, "కార్తీకం కదా, ఉల్లిపాయ ఎయ్యాలా మానేయాలా బాబూ?" ఆ మాట వినగానే అత్తయ్య గారు లేచి వెళ్ళి ఆవిడ పక్కనే బెంచీ మీద కూర్చున్నారు. శనగపప్పు బరకగా రుబ్బి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, జీలకర్ర వేసింది. తడి చేతిలో ఒత్తి నూనెలో జారవిడిస్తే అంచులు కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా వచ్చాయి. అడ్డాకు దొన్నెల్లో పెట్టి ఇచ్చింది. ఏజెన్సీ సంతల్లో అమ్మే ఆకులే అవి, గట్టిగా ఉంటాయి, వేడికి ఒక వాసన వస్తుంది. అత్తయ్య గారు ఐదు వడలు తిన్నారు. 80 వడలు ఐదేసి రూపాయల చొప్పున 400, 40 అరటికాయ బజ్జీలు ఆరేసి చొప్పున 240, 30 టీలు 300. మొత్తం 940 రూపాయలు. ఆ రోజు మావయ్య గారి పుట్టినరోజు విందంటే నా లెక్కలో అదే.

మేం వడలు తింటూ ఉండగానే క్యాటరింగ్ అతని నుంచి వాట్సాప్‌లో బిల్లు వచ్చింది. 9,600 మీద 18 శాతం జీఎస్టీ అని 1,728, రవాణా 1,200, మొత్తం 12,528. బయట క్యాటరింగ్‌కు జీఎస్టీ 5 శాతమే. పైగా ఆ బిల్లు మీద జీఎస్టీ నంబరు లేదు, ఫుడ్ లైసెన్సు నంబరూ లేదు. మా వారు ఫోన్లో చాలాసేపు మాట్లాడి, రాని రెండు రకాలు, తక్కువ వచ్చిన కట్లెట్లు, పన్ను అన్నీ తీసేయించి చివరికి మూడు వేలు పంపారు. అడ్వాన్సుతో కలిపి తొమ్మిది వేలు. నన్నడిగితే ఆ మూడు వేలు కూడా ఇవ్వాల్సింది కాదు.

ఇప్పుడైతే నేనెలా చేస్తానో చెబుతాను. వేడిగా తినాల్సినవి ఒడ్డునే, బోటు ఎక్కకముందే పెట్టేస్తాను. బోటులోకి చల్లారినా రుచి చెడనివే: చేగోడీలు, చెక్కలు, దిబ్బరొట్టె ముక్కలు, గట్టి కొబ్బరి పచ్చడి మధ్యలో రాసిన చిన్న ఇడ్లీలు, జామకాయ ముక్కలు. ఆడపడుచు తెచ్చిన వేయించిన పలాస జీడిపప్పు, మందస కోవా ఆ రోజు బోటులో గాలికీ ఎండకీ ఏమీ కాలేదు, పిల్లలు బతికింది వాటితోనే. ఒక్క నోటికి పట్టే ముక్కలే చేయాలి, పులుసు, సాసు అసలు వద్దు. ఎవరి దొన్నె వాళ్ళకి ఒడ్డునే సర్ది, పైన ఇంకో ఆకు మూసి చేతికిస్తే చాలు. రెండు గంటలకు మనిషికి ఏడెనిమిది ముక్కలు సరిపోతాయి, ఆరు రకాలు దండగ. రేకు ట్రేలు కాకుండా మూతలున్న స్టీలు డబ్బాలు వాడాలి, వేయించినవి పూర్తిగా చల్లారాకే మూత పెట్టాలి. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను, స్టీలు గ్లాసులు ఇంటి నుంచే తీసుకెళ్ళండి. క్యాటరింగ్ తప్పదనుకుంటే 14 అంకెల ఫుడ్ లైసెన్సు నంబరు ముందే అడగండి. ఆ రోజు ఇంకెన్ని ఆర్డర్లు ఉన్నాయో అడగండి. అడ్వాన్సు పావు వంతు దాటనివ్వకండి.

ఇంటికొచ్చి సామాను సర్దుతుంటే వడలావిడ స్టీలు పళ్ళెం మా సంచిలో కనబడింది. హడావుడిలో ఎవరు పెట్టారో తెలియదు. మరుసటి ఆదివారం మా వారు, మావయ్య గారు స్కూటరు మీద వెళ్ళి ఇచ్చి వచ్చారు. ఖాళీ పళ్ళెం ఇవ్వకూడదని అత్తయ్య గారు మిగిలిన మందస కోవా, గుప్పెడు జీడిపప్పు అందులో పెట్టి పంపారు. ఆవిడ పళ్ళెం అందుకుంటూ "పెద్దాయన సొక్కా మరక పోనాదా?" అని అడిగిందట. నిమ్మకాయ రాసి మూడుసార్లు ఉతికినా కాస్త ఎర్రగా అలాగే ఉంది. ఆ చొక్కానే వేసుకుని వెళ్ళిన మావయ్య గారు కండువా పక్కకు తీసి చూపించారట.