డచ్ దస్తావేజుల్లో ఒక పెద్దావిడ జాడ: ఓపెన్ ఆర్కైవ్స్‌ను ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

మావారి నాన్నమ్మకు నాన్నమ్మ 1880ల్లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ రాష్ట్రం నుంచి అమెరికాలోని మిషిగన్‌కు వలస వచ్చారు. ఆవిడవంటూ ఇంట్లో మిగిలినవి ఒక డచ్ బైబిలు, శ్మశానంలో ఒక రాయి. రాయి మీద ఉన్నది భర్త ఇంటిపేరే. మా పిల్లల్లో సగం రక్తం ఆ వైపుది కాబట్టి, ఆవిడ ఎవరో వాళ్లకు తెలియాలని ఈ వెతుకులాట మొదలుపెట్టాను.

ఎక్కువగా వాడింది ఓపెన్ ఆర్కైవ్స్. నెదర్లాండ్స్‌లోని అనేక ఆర్కైవుల (పాత దస్తావేజులు భద్రపరిచే చోట్ల) సూచికలను ఒకేచోట వెతకనిచ్చే ఉచిత వెబ్‌సైట్ అది. తోడుగా వీ వాస్ వీ, గ్రోనింగెన్‌కు ప్రత్యేకమైన అల్లె గ్రోనింగర్స్ కూడా వాడాను. వలస వచ్చిన ఆడవాళ్ల గురించి తెలుసుకోవాలంటే అమెరికా కాగితాల కంటే డచ్ కాగితాలు ఎంతో మేలు. ఇన్నేళ్లలో నాకు బలంగా కుదిరిన అభిప్రాయం ఇదే.

అమెరికాలో 1855 నుంచి 1922 దాకా చట్టం ప్రకారం భర్త పౌరుడైతే భార్య కూడా పౌరురాలైపోయేది. అందువల్ల ఆవిడ పేరిట పౌరసత్వ పత్రాలంటూ వేరే ఉండవు. నెదర్లాండ్స్‌లో చాలా ప్రాంతాల్లో 1811 నుంచి జనన, వివాహ, మరణాలు ప్రభుత్వ పుస్తకాల్లోకి ఎక్కాయి. పెళ్లయినా, భర్త పోయినా, తానే కన్నుమూసినా అందులో ఆడమనిషి పుట్టింటి పేరుతోనే కనిపిస్తుంది. ఓపెన్ ఆర్కైవ్స్‌లో భార్య పేరు, భర్త పేరు మధ్య & గుర్తు పెట్టి వెతికితే ఇద్దరూ కలిసి ఉన్న నమోదులన్నీ వస్తాయి. పెళ్లి, పిల్లల పుట్టుకలు, పసిపిల్లల మరణాలు వరసగా తెర మీదికి వచ్చినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఈ ఒక్క సదుపాయానికే నేను ఈ వెబ్‌సైట్‌కు రుణపడి ఉన్నాను.

అయితే డచ్ కాగితాలన్నీ ఇలా ఉండవు. 19వ శతాబ్దం మధ్యలో అధికారులు తయారుచేసిన వలసదారుల జాబితాల్లో పేరు ఇంటి యజమానిదే. భార్య ఉందా, పిల్లలెందరు అన్నంత వరకే రాశారు. వాటి మీద ఆశ పెట్టుకోకండి.

అసలు నిధి వివాహ అనుబంధ పత్రాలు. పెళ్లి నమోదుకు వధూవరులు సమర్పించిన కాగితాల కట్ట ఇది. ఇద్దరి జనన పత్రాల నకళ్లు, వరుడు సైనిక సేవ బాధ్యత తీర్చుకున్నట్టు పత్రం, తల్లిదండ్రుల్లో ఎవరైనా చనిపోయి ఉంటే వారి మరణ పత్రం అందులో ఉంటాయి. రుసుము కట్టలేని వాళ్లయితే పేదరిక ధ్రువపత్రం కూడా. మా పెద్దావిడ కట్టలో అదీ దొరికింది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. వివాహ పత్రం చివర, రాయడం రాదని తల్లి చెప్పినట్టు గుమాస్తా రాశాడు. దాని కిందే కూతురి సంతకం, అక్షరం అక్షరం విడివిడిగా, జాగ్రత్తగా దిద్దినట్టు. ఆ తల్లి బిడ్డను బడికి పంపింది! ఆ సంతకం ముద్రించి మా పిల్లల గదిలో పెట్టాను.

1850 నుంచి ఉన్న జనాభా పుస్తకాలు మరో వెలుగు. ఎవరు ఏ ఇంటికి ఎప్పుడు మారారో, ఏ చర్చికి చెందినవారో అందులో ఉంటుంది. పెళ్లికి ముందు ఆవిడ రైతుల ఇళ్లలో పనిమనిషి. మన ఊళ్లలో ఉగాదికి పాలేర్లు మారినట్టే అక్కడ మే నెలలో పనివాళ్లు ఇల్లు మారేవారు. ఆవిడ కూడా అలాగే ఊరు తర్వాత ఊరు మారారు. చివరి గడిలో మాత్రం ఉత్తర అమెరికా అని ఉంది.

ఇక్కడ మళ్లీ అమెరికా కాగితాలు పనికొచ్చాయి. 1900 జనాభా లెక్కల్లో తల్లులను ఎంతమందిని కన్నారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. ఆవిడ లెక్కలో ముగ్గురు తక్కువ. ఇద్దరి మరణాలు గ్రోనింగెన్‌లో దొరికాయి. 1890 లెక్కల పుస్తకాలు దాదాపు అన్నీ 1921 అగ్నిప్రమాదం తర్వాత లేకుండా పోయాయి కాబట్టి, మధ్యలో పుట్టి పోయిన మూడో బిడ్డ ఏ లెక్కలోనూ లేదు. మిషిగన్ 1867 నుంచి మరణాలు నమోదు చేయడం వల్ల కౌంటీ పుస్తకంలో ఆ పాప పేరు బయటపడింది. పెద్దావిడ తల్లి పేరే పెట్టారు.

లోటుపాట్లు చెప్పాలి. సూచికలు చేత్తో రాసిన పుస్తకాలు చూసి తయారుచేసినవి, కాబట్టి పేర్ల వర్ణక్రమం అటూ ఇటూ అవుతుంది. దొరికిన ప్రతిదానికీ అసలు పేజీ బొమ్మ తెరిచి పోల్చుకోవాలి. బొమ్మ లేకపోతే సంబంధిత ఆర్కైవును అడగాలి. ఆ కాలపు డచ్ చేతిరాత అలవాటు కావడానికి నాకు చాలా కాలం పట్టింది. గోప్యత నియమాల వల్ల జననాలు 100 ఏళ్లు, వివాహాలు 75, మరణాలు 50 దాటాకే తెరుస్తారు. మీ పూర్వీకులు జీలాండ్‌లోని మిడిల్‌బర్గ్ వాళ్లయితే ముందే గుండె దిటవు చేసుకోండి, 1940 మే 17 మంటల్లో ఆ పట్టణ ఆర్కైవు కాలిపోయింది.

కొత్తగా మొదలుపెట్టేవారు ముందు ఊరి పేరు పట్టుకోండి. అది లేకుండా ఏ వెబ్‌సైటూ సాయపడదు, ఒకే పేరుతో డజన్ల కొద్దీ మనుషులు వస్తారు. అమెరికాలో త్రైన్చే కేట్ అయింది, యాంచే జెన్నీ అయింది, కాబట్టి పేరును కూడా వెనక్కి మార్చుకుని వెతకాలి. ఊరి పేరు ఎక్కడా లేకపోతే చర్చి సభ్యత్వ పుస్తకాలు చూడండి. వలస వచ్చినవారు పాత చర్చి నుంచి తెచ్చిన సభ్యత్వ పత్రం వివరాలు అందులో ఉండొచ్చు. మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో కాల్విన్ విశ్వవిద్యాలయంలోని హెరిటేజ్ హాల్, మిషిగన్‌లోనే ఉన్న హాలండ్ పట్టణంలో హోప్ కళాశాల ఆర్కైవులు ఇలాంటి వాటికి మంచి చోట్లు.