మూసీకి ఏది మేలు? గోదావరి నీళ్లా, పెద్ద ఎస్టీపీయా, నాలా దగ్గరి ప్లాంటా?

హైదరాబాద్ మురుగు మోసే మూసీ నది మాట ఎత్తితే చాలు, ఒకటే ప్రశ్న: "గోదావరి నీళ్లు వదిలితే అయిపోయేదానికి ఈ ఎస్టీపీల గోల ఎందుకండీ?" (ఎస్టీపీ అంటే మురుగునీటి శుద్ధి కేంద్రం.) విడివిడిగా జవాబు చెప్పలేక ఇక్కడ లెక్క వేసి పెడుతున్నాను.

మల్లన్నసాగర్ నుంచి తెచ్చే 20 టీఎంసీల్లో 2.5 టీఎంసీలు జంట జలాశయాల (గండిపేట, హిమాయత్‌సాగర్) మీదుగా మూసీకి అన్నది ప్రణాళిక. వినడానికి చాలానే. ఏడాది పొడవునా సమంగా వదిలితే మాత్రం రోజుకు 19 కోట్ల లీటర్లు. 2021 నాటికే నగరం వదిలే మురుగు రోజుకు 165 కోట్ల లీటర్లు. ఎనిమిది బిందెల మురుగులో ఒక బిందె మంచినీళ్లు పోసినట్టు.

పోనీ, మురుగంతా శుద్ధి చేసి బీఓడీని (నీళ్లలోని కుళ్లు తినేసే ఆక్సిజన్ లెక్క; ఎంత ఎక్కువైతే అంత మురికి) లీటరుకు 10 మిల్లీగ్రాములకు దించేశాం అనుకుందాం. స్నానానికి పనికి రావాలంటే 3 దాటకూడదు. నది తనంతట తాను కడుక్కునేది పక్కన పెట్టి, నీళ్లు కలిపి మాత్రమే 3కు తేవాలంటే, మచ్చలేని నీళ్లే ఏడాదికి 50 టీఎంసీలు కావాలి. కాబట్టి గోదావరి నీళ్లు చివర్లో చేయాల్సిన పని. గండిపేట దిగువన నదిలో నాలుగు నీళ్లు కనిపిస్తాయి, సంతోషమే.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్య. పెద్ద ఎస్టీపీకి (అంబర్‌పేట 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 33.9 కోట్ల లీటర్లు; నాగోలు 172) ఉన్న సుగుణం కాదనలేం. ల్యాబు, ఇంజినీర్లు, తనిఖీ అన్నీ ఒకేచోట. చిన్నవాటి రోగం నాకు ఇంట్లోనే తెలుసు. మా అపార్ట్‌మెంట్ ఎస్టీపీలో రాత్రి పది దాటితే ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ చప్పుడు వినపడదు. కరెంటు బిల్లు ఎక్కువొస్తోందని ఆపేస్తారు. గాలి అందక బ్యాక్టీరియా చచ్చి, తెల్లారేసరికి ట్యాంకు నల్లగా, గబ్బు. కాబట్టి చిన్నది అంటే నా ఉద్దేశం సెల్లార్‌లోది కాదు. చెరువు పక్కనో నాలా చివరో కట్టి, జలమండలి నడిపేది.

అయినా నా ఓటు నాలా దగ్గరి ఈ చిన్నవాటికే. కారణం ఒక్కటే: ఏది ఎందులో కలుస్తోంది?

పటాన్‌చెరు పరిశ్రమల నీళ్లు అక్కడ ఒక దఫా శుద్ధి అయ్యాక, 18 కిలోమీటర్ల పైపులైన్‌లో వచ్చి నగరం మురుగులో కలిసి అంబర్‌పేట చేరేలా ఏర్పాటు చేశారు. పటాన్‌చెరులోని ఆ పరిశ్రమల ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఎస్టీపీలో పనిచేసేది బ్యాక్టీరియా. ఈ మందు తయారైందే బ్యాక్టీరియాను చంపడానికి! ఇళ్ల మురుగులో ఒకసారి కలిశాక దాన్ని విడదీయడం మామూలు ఎస్టీపీ వల్ల కాదు, ఎవరు కలిపారో చెప్పడం అంతకంటే కాదు. ఒక్క నాలాకు ఒక్క ప్లాంటు ఉంటే, నీళ్లు రంగు మారిన రోజున మ్యాన్‌హోల్ తర్వాత మ్యాన్‌హోల్ మూత తీసుకుంటూ వెనక్కి పోయి ఏ గేటు దగ్గర మొదలైందో చూడొచ్చు. అంబర్‌పేటలో నిలబడి ఆ పని చేయలేం.

2021లో రూ. 3,866 కోట్లతో 1,259.5 ఎంఎల్‌డీకి 31 ఎస్టీపీలు తలపెట్టడం ఈ దారిలోదే. కాకపోతే శుద్ధి సామర్థ్యం లెక్క చెప్పినంత గట్టిగా, లోపలికి వచ్చే నీళ్ల పరీక్ష లెక్క ఎవరూ చెప్పరు.

గుర్రపుడెక్క తీయిస్తే దోమలు తగ్గుతాయి, నీళ్లు మారవు. ఎంజైములు చల్లడం గురించి అడగకండి.

నదిని పూర్తిగా దారి మళ్లించమనే వాళ్లూ ఉన్నారు. నగరానికి దిగువన వలిగొండ దగ్గర మా మేనత్త పొలం మూసీ కాలువ కిందే. ఎండాకాలంలో ఆమె మడికి పారేది మన మురుగే, అది ఆగితే యాసంగి వరి లేదు. పోయినసారి వెళ్లినప్పుడు తూము దగ్గర నురగ మోకాలెత్తు ఉంది. నాటుకు వచ్చిన ఆడవాళ్లు మడిలో దిగే ముందు గట్టు మీద కూర్చుని కాళ్లకు కొబ్బరినూనె పట్టించుకుంటున్నారు, దురద రాకుండా. ఆ సీసా కూడా కూలితో పాటు అత్తే ఇవ్వాలి.