అమెరికాలో తొలి క్రెడిట్ కార్డు: డిస్కవర్ సెక్యూర్డా, క్యాపిటల్ వన్ సెక్యూర్డా?

ఎంఎస్ చదవడానికి కొత్తగా అమెరికా చేరిన విద్యార్థి దగ్గర సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతాలో పక్కన పెట్టగల 200 డాలర్లు ఉంటే మొదటి డిపాజిట్ కార్డుగా డిస్కవర్ ఇట్ సెక్యూర్డ్ మంచి ఎంపిక. డిపాజిట్ కార్డు, అంటే సెక్యూర్డ్ కార్డు, మనం ముందుగా కట్టిన డబ్బును పూచీగా ఉంచుకుని ఇచ్చే క్రెడిట్ కార్డు. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా, పన్నుల కోసం ఇచ్చే ఐటిన్ నంబరు మాత్రమే ఉన్నవాళ్లకు, 200 డాలర్లు ఒక్కసారిగా కట్టలేనివాళ్లకు క్యాపిటల్ వన్ ప్లాటినం సెక్యూర్డ్ నయం. రెండింటికీ వార్షిక రుసుము లేదు. రెండూ ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే, అప్పుల చరిత్ర నమోదు చేసే మూడు క్రెడిట్ బ్యూరోలకూ నెలనెలా రిపోర్టు చేస్తాయి. 2025 మే నెలలో డిస్కవర్‌ను క్యాపిటల్ వన్ కొనేసింది గానీ ఈ రెండు కార్డుల షరతులు వేరు కాబట్టి విడివిడిగానే చూడాలి. దరఖాస్తు చేసే రోజున కంపెనీ సైటులో షరతులు మరోసారి చదువుకోవడం తప్పనిసరి.

తిరుపతిలో పిల్లల్ని పంపే ఇళ్లలో ముందుగా వచ్చే ఆలోచన వేరుగా ఉంటుంది. నాన్నకి సిబిల్ బాగుంది, ఆయన కార్డు మీద యాడ్ ఆన్ కార్డు తీసిచ్చి పంపితే సరిపోదా అనుకుంటారు. సరిపోదు. సిబిల్ ట్రాన్స్‌యూనియన్ వాళ్లదే అయినా, ఇక్కడి ఫైలు అక్కడి ట్రాన్స్‌యూనియన్ ఫైలులోకి దానంతటదే వెళ్లదు. మన దేశపు కార్డు గీకితే ఆ లెక్క మన దేశపు బ్యూరోలకే చేరుతుంది. పైగా చాలా కార్డుల మీద విదేశీ లావాదేవీకి 3.5 శాతం మార్కప్, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ, కలిపితే నూటికి నాలుగు రూపాయల పైన పోతుంది. ఫారెక్స్ కార్డూ అంతే, అమెరికా బ్యాంకు ఇచ్చే డెబిట్ కార్డూ అంతే: డబ్బు కట్టడానికి పనికొస్తాయి, క్రెడిట్ చరిత్రకు పనికిరావు.

సిబిల్‌ను నేరుగా వాడుకునే దారి ఒకటుంది. నోవా క్రెడిట్ అనే సంస్థ ద్వారా అమెరికన్ ఎక్స్‌ప్రెస్ భారతీయుల సిబిల్ నివేదికను చూసి అక్కడ కార్డు ఇస్తుంది. ఇది నాన్న సిబిల్‌తో కుదరదు, దరఖాస్తు చేసే మనిషికి సొంత సిబిల్ ఉండాలి. రెండు మూడేళ్లు ఉద్యోగం చేసి, ఇక్కడ కార్డు వాడి వెళ్లేవాళ్లకు ఇది డిపాజిట్ కార్డుల కంటే మేలైన దారి. బీటెక్ అవగానే వెళ్లే పిల్లల సిబిల్‌లో సాధారణంగా ఉండేది విద్యారుణం ఒక్కటే. ఆ రుణంలో అసలు మొత్తం చెల్లింపు ఇంకా మొదలు కాకపోయినా, చదువు కాలంలో నెలనెలా వడ్డీ కట్టాలన్న షరతు కొన్ని సంస్థలు పెడతాయి. ఇంటి దగ్గర ఆ వడ్డీ ఆలస్యమైతే మచ్చ పడేది నాన్న ఒక్కరి ఫైలులోనే కాదు, ప్రధాన రుణగ్రహీత అయిన పిల్లవాడి ఫైలులోనూ.

కార్డు కంటే ముందు సరిచేసుకోవాల్సింది పేరు. దీని మీద ఎంత చెప్పినా తక్కువే. మన వైపు ఇంటిపేరు ముందు వస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో కొందరికి పూర్తిగా, కొందరికి ఒక్క అక్షరంగా ఉంటుంది. ఆ సర్టిఫికెట్ చూసి పాస్‌పోర్టు దరఖాస్తులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి, మొత్తం గివెన్ నేమ్‌లోనే రాసేసినవాళ్లు చాలామంది. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా వచ్చినప్పుడు పేరంతా సర్‌నేమ్‌లోకి పోయి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఆ తర్వాత బ్యాంకు ఖాతాలో ఒక రకంగా, సోషల్ సెక్యూరిటీ కార్డులో ఇంకో రకంగా, క్రెడిట్ కార్డులో మూడో రకంగా పేరు ఎక్కితే బ్యూరో దగ్గర ఒకే మనిషికి రెండు ఫైళ్లు తయారయ్యే ప్రమాదముంది. ఒక ఫైలులో ఆరు నెలల చక్కటి చెల్లింపులు ఉంటాయి, కారు లోను ఇచ్చేవాడు చూసేది ఖాళీగా ఉన్న రెండోది. పాస్‌పోర్టు సేవా కేంద్రం తిరుపతిలోనే ఉంది. యూనివర్సిటీ నుంచి ఐ-20 (విద్యార్థి వీసాకి కావాల్సిన పత్రం) తెప్పించుకోకముందే ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోకి మార్పించి రీఇష్యూ చేయించుకోండి. ఐ-20, వీసా, బ్యాంకు ఖాతా, అన్నీ పాస్‌పోర్టును చూసే రాస్తారు.

రెండో అడ్డంకి సోషల్ సెక్యూరిటీ నంబరు. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన ప్రతి విద్యార్థికీ అది రాదు. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికినట్టు లేఖ, దాంతోపాటు యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ఇచ్చే లేఖ ఉండాలి. లేదంటే చదువుకు సంబంధించిన పని చేసుకోనిచ్చే సీపీటీ, ఓపీటీ అనుమతి రావాలి. దరఖాస్తు ఎస్ఎస్-5 ఫారం, రుసుము ఏమీ లేదు. దిగిన రోజే పరుగెత్తడం వృథా: అక్కడి రికార్డుల్లో మీ రాక నమోదు కావడానికి పది రోజులు ఆగమని సోషల్ సెక్యూరిటీ కార్యాలయమే చెబుతుంది. ఐటిన్ సంగతి వేరు. అది పన్నుల కోసం అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే నంబరు, మామూలుగా డబ్ల్యూ-7 ఫారాన్ని టాక్స్ రిటర్నుతో జతచేసి అడగాలి. క్రెడిట్ కార్డు కావాలి అన్న కారణం మీద ఐటిన్ ఇవ్వరు.

ఇక కార్డులు. డిస్కవర్ ఇట్ సెక్యూర్డ్‌కి కనీస డిపాజిట్ 200 డాలర్లు, గరిష్ఠం 2,500. ఎంత కడితే అంత లిమిట్. రెస్టారెంట్లు, పెట్రోలు బంకుల మీద మూడు నెలలకు 1,000 డాలర్ల ఖర్చు దాకా 2 శాతం, మిగతావాటి మీద 1 శాతం క్యాష్‌బ్యాక్ వస్తుంది. మొదటి ఏడాది చివర, వచ్చిన క్యాష్‌బ్యాక్‌కి సమానంగా ఇంకోసారి ఇస్తారు. కానీ ఈ కార్డు తీసుకోవాల్సిన అసలు కారణం అది కాదు. ఏడో నెల నుంచి కంపెనీయే ఖాతాను పరిశీలించడం మొదలుపెడుతుంది. చెల్లింపులు సవ్యంగా ఉంటే డిపాజిట్ తిరిగి ఇచ్చేసి, అదే ఖాతాను మామూలు కార్డుగా కొనసాగిస్తుంది. ఖాతా వయసు తెగదు. అక్కడ లోను ఇచ్చేవాళ్లు ఎక్కువగా చూసే క్రెడిట్ స్కోరు అయిన ఫికోలో ఖాతాల వయసుకు 15 శాతం బరువుంది కాబట్టి, మొదటి కార్డు ఎప్పటికీ మూసేయక్కర్లేని కార్డు అయి ఉండాలి. ఏడాదికింత అని రుసుము లాగే కార్డును మొదటిదిగా తీసుకుంటే ఎప్పుడో ఒకరోజు దాన్ని మూసుకోవాల్సి వస్తుంది, మీ అత్యంత పాత ఖాతా అదే అవుతుంది.

క్యాపిటల్ వన్ ప్లాటినం సెక్యూర్డ్‌లో 200 డాలర్ల లిమిట్‌కి డిపాజిట్ 49, 99, 200 డాలర్లలో ఏదో ఒకటి. ఏది అన్నది కంపెనీ నిర్ణయిస్తుంది, మనం ఎంచుకునేది కాదు. ఆ మొత్తాన్ని విడతలుగా 35 రోజుల్లోపు కట్టే వీలుంది. ఆరో నెల నుంచే లిమిట్ పెంపు పరిశీలన మొదలవుతుంది. క్యాష్‌బ్యాక్ ఏమీ రాదు. అది కావాలంటే అదే కంపెనీ క్విక్‌సిల్వర్ సెక్యూర్డ్‌లో 200 డాలర్ల డిపాజిట్‌కి అన్ని ఖర్చుల మీదా 1.5 శాతం ఉంది. క్యాపిటల్ వన్‌కి దరఖాస్తు పెడితే మూడు బ్యూరోల దగ్గరా విచారణ, అంటే కంపెనీ మీ ఫైలు చూసిన గుర్తు, నమోదవుతుంటుంది. విచారణ రెండేళ్లు ఫైలులో కనిపిస్తుంది, ఫికో లెక్కలో మాత్రం 12 నెలలే. ఖాళీ ఫైలు మీద పడే ఒక్క విచారణకి భయపడాల్సిన పనిలేదు. ఒకే వారంలో నాలుగు కార్డులకు పెట్టుకుంటేనే చిక్కు. రెండు కంపెనీలకూ విచారణ పడకుండా ముందే అర్హత చూపించే పేజీలున్నాయి, ముందు అక్కడ చూడండి. ఇంకో చిన్న సంగతి: డిస్కవర్ గానీ మాస్టర్‌కార్డ్ గానీ కాస్ట్కో దుకాణంలో పనిచేయదు. అక్కడ క్రెడిట్ కార్డంటే వీసా మాత్రమే తీసుకుంటారు కాబట్టి బియ్యం బస్తాకి డెబిట్ కార్డు వాడుకోవాలి.

ఏ కార్డు తీసుకున్నా దెబ్బతినేది బిల్లు తేదీ దగ్గరే. కార్డుకి రెండు తేదీలుంటాయి. ఒకటి బిల్లు తయారయ్యే తేదీ, రెండోది కట్టాల్సిన గడువు. ఈ రెండింటి మధ్య కనీసం 21 రోజులు ఉండాలన్నది 2009 కార్డ్ చట్టం. బ్యూరోకి సాధారణంగా వెళ్లేది బిల్లు తయారైన రోజున ఉన్న బాకీ. 200 డాలర్ల లిమిట్‌తో పటేల్ బ్రదర్స్‌లో సరుకులకి 140 గీకారనుకోండి, గడువులోగా పూర్తిగా కట్టినా బ్యూరోలో మాత్రం 70 శాతం వాడకం అని పడుతుంది. ఫికోలో బాకీల భాగానికి 30 శాతం బరువు. బిల్లు 12వ తేదీన తయారైతే, 8వ తేదీన 125 డాలర్లు కట్టేయండి; డబ్బు జమ కావడానికి ఒకటి నుంచి మూడు పనిదినాలు పడుతుంది. అప్పుడు బిల్లులో 15 డాలర్లే ఉంటుంది, వాడకం 7.5 శాతం. మొత్తం సున్నా చేయక్కర్లేదు. ఉన్న ఒక్క కార్డు మీద అయిదో పదో డాలర్లు కనబడితే సున్నా కంటే కాస్త మేలే. ఇందులో ఊరట కలిగించే విషయం ఒకటుంది: ఎక్కువగా వాడే ఫికో 8 లెక్కలో వాడకం శాతానికి గతం ఉండదు. ఈ నెల 70 ఉన్నా వచ్చే నెల 7కి దిగితే పాత మచ్చ పోతుంది. కొత్త కార్డో కారు లోనో అడగబోయే నెలలో మాత్రం ఈ జాగ్రత్త తప్పనిసరి.

చెల్లింపు ఆలస్యం అలా కాదు. గడువు దాటి 30 రోజులైతే బ్యూరోకి వెళ్తుంది, ఏడేళ్లు ఉంటుంది. స్కోరులో 35 శాతం చెల్లింపుల చరిత్రదే. అందుకని ఆటోపే పెట్టాలి, అదీ కనీస మొత్తానికి కాదు, బిల్లు మొత్తానికి. కనీసం మాత్రమే కడితే మిగిలిన దాని మీద ఏడాదికి పాతిక శాతం పైన వడ్డీ పడుతుంది. బాకీ మోస్తేనే స్కోరు పెరుగుతుందన్న మాట స్నేహితుల గదుల్లో తిరుగుతుంటుంది, అందులో నిజం లేదు. ఆటోపే పెట్టినా తప్పేది ఒకచోట: చిత్తూరు నుంచి అమ్మానాన్నలు పంపే డబ్బు ఖాతాలో పడకముందే ఆటోపే వచ్చి, నిల్వ లేక వెనక్కి పోవడం. ఇక్కడ బ్యాంకు సెలవు, అక్కడ వారాంతం కలిస్తే మూడు నాలుగు రోజులు తేలిగ్గా జారిపోతాయి. కార్డు లిమిట్ ఎంతో కనీసం అంత మొత్తం ఆ ఖాతాలో కదపకుండా ఉంచాలి.

ఫికో స్కోరు పుట్టాలంటే ఖాతాకి ఆరు నెలల వయసు రావాలి. క్రెడిట్ కర్మ యాప్‌లో అంతకుముందే కనిపించే అంకె వాంటేజ్ అనే వేరే స్కోరు. లోను ఇచ్చేవాళ్లు ఎక్కువగా చూసేది ఫికో, కాబట్టి మూడో నెలలో కర్మలో 700 కనబడిందని కారు షోరూముకి వెళ్లకండి. రెండో మూడో నెలలో చేయాల్సిన పని ఫైలు చూసుకోవడం. యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో మూడు బ్యూరోల నివేదికలూ వారానికోసారి ఉచితం. ఫైలు పలచగా ఉన్న కొత్తవాళ్లని సైటు గుర్తుపట్టక తిప్పి పంపుతుంటుంది. అప్పుడు అదే సైటులోని ఫారం నింపి పోస్టులో పంపాలి. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, సోషల్ సెక్యూరిటీ నంబరు నాలుగూ సరిపోయాయో చూడండి. తప్పుంటే బ్యూరోకి అభ్యంతరం పెట్టండి, మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా కార్డు తీసుకున్నవాళ్లు, అది వచ్చిన రోజే కార్డు కంపెనీకి చెప్పి నమోదు చేయించాలి.

డిపాజిట్ అవసరం లేని దారులు కూడా చూడాలి. క్యాంపస్ ఉద్యోగం, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్నవాళ్లు ముందు డిస్కవర్, క్యాపిటల్ వన్ విద్యార్థి కార్డుల అర్హత పరీక్షించుకుని, రాకపోతేనే డిపాజిట్ కార్డుకి వెళ్లడం మంచిది. ఛేజ్‌లో ఖాతా ఉంటే ఫ్రీడమ్ రైజ్ అనే కార్డు కొత్తవాళ్ల కోసమే. ఖాతాలో 250 డాలర్లు ఉంచితే అవకాశం పెరుగుతుందని బ్యాంకే చెబుతుంది. 21 ఏళ్ల లోపు వాళ్లు సొంత ఆదాయం చూపాలి, ఇంటి నుంచి నాన్న పంపుతారన్న భరోసాను ఆదాయంగా రాయకూడదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బాబాయి ఉంటే ఆయన కార్డులో ఆథరైజ్డ్ యూజర్‌గా చేరితే ఆ ఖాతా వయసు మీ ఫైలులోకి వస్తుంది. ఆయన వాడకం ఎక్కువైతే, గడువు తప్పితే అదీ వస్తుంది. బాకీకి బాధ్యత మాత్రం ఆయనదే, కాబట్టి ఈ మాట అడిగేముందు కార్డు చేతికి ఇవ్వక్కర్లేదని బాబాయికి చెప్పండి.

తీసుకోకూడని కార్డులున్నాయి. డిపాజిట్ అడగకుండా 300 డాలర్ల లిమిట్ ఇచ్చి, అందులో 75 మొదటే రుసుముగా కోసే కార్డులు చట్టం ప్రకారం తప్పుకాదు, మొదటి ఏడాది రుసుములు లిమిట్‌లో 25 శాతం దాకా ఉండొచ్చు. కార్డు చేతికి రాకముందే 25 శాతం వాడకంతో మొదలవుతారు. సోషల్ సెక్యూరిటీ నంబరుకి బదులుగా సీపీఎన్ అనే వేరే నంబరు అమ్ముతామని వచ్చేవాళ్లది నేరుగా మోసం. అది వాడి దరఖాస్తు చేస్తే నేరంలో ఇరుక్కునేది విద్యార్థే, వీసా మీదికి వస్తుంది.

డిసెంబరు సెలవులకి ఇంటికి వచ్చేటప్పుడు అమెరికా ఫోను నంబరు ఆపేయకండి, ఓటీపీలు దానికే వస్తాయి. బయలుదేరేముందు వైఫై కాలింగ్ ఆన్ చేసి పరీక్షించండి. ఇక్కడ డిస్కవర్ కార్డు రూపే ఒప్పందం ఉన్న మెషీన్ల మీద నడుస్తుంది, ప్రతి దుకాణంలోనూ నడవదు. చదువయ్యాక తిరిగి వచ్చేయాలనుకుంటే క్రమం ముఖ్యం: ముందు ఆటోపేలన్నీ తీసేయాలి, కార్డు బాకీ సున్నా చేయాలి, కార్డు మూసి డిపాజిట్ వెనక్కి రావడానికి కొన్ని వారాలు ఆగాలి, ఆ డబ్బు పడ్డాకే బ్యాంకు ఖాతా మూయాలి. ఖాతా ముందే మూసేస్తే డిపాజిట్ చెక్కు ఖాళీ చేసిన అపార్ట్‌మెంటు చిరునామాకి వెళ్లొచ్చు.