ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) వచ్చాక 31వ రోజే టెస్టుకి వెళ్లాలా, నాలుగో నెల దాకా ఆగాలా?

ఇంటర్ అయిపోయి 18 నిండిన పిల్లలున్న ఇళ్లలో ఎంసెట్ ర్యాంకు తర్వాత ఎక్కువగా నడిచే చర్చ డ్రైవింగ్ లైసెన్సుదే. మా ఇంట్లోనూ అంతే. విజయవాడలో మా అమ్మాయి, గుంటూరులో మా మరిది కొడుకు ఒకే వారంలో ఎల్ఎల్ఆర్ తీసుకున్నారు. వాడు 33వ రోజున టెస్టు పాసయ్యాడు. మా అమ్మాయి నాలుగో నెలలో వెళ్లింది. ఇద్దరినీ దగ్గర నుంచి చూశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: కారు విషయంలో ఆగడమే మేలు. అయితే ఎంతకాలం ఆగొచ్చన్నదానికి ఒక లెక్క ఉంది, అది తప్పితే మళ్లీ మొదటికొస్తుంది.

ముందు రూలు చూద్దాం. ఎల్ఎల్ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. 30 రోజులు నిండాకే అసలు లైసెన్సుకి దరఖాస్తు. టెస్టు పోతే ఏడు రోజులు గడిచాక మళ్లీ వెళ్లొచ్చు. మూడుసార్లు పోతే మాత్రం చివరి టెస్టు నుంచి 60 రోజులు ఆగాల్సిందే. చాలామంది ఆ 30 రోజుల్ని గడువులాగా చూస్తారు, 31వ రోజుకి స్లాటు పట్టేయాలని తొందరపడతారు. నెల కంటే ముందు రావద్దని మాత్రమే ఆ రూలు అర్థం. నెలకల్లా డ్రైవింగ్ వచ్చేస్తుందని ఎక్కడా లేదు.

తొందరగా వెళ్లడంలో లాభం లేదని అనను. నేర్చుకున్నది తాజాగా ఉంటుంది. హెచ్ ట్రాక్, అంటే టెస్టులో కడ్డీల మధ్య హెచ్ ఆకారంలో ఉండే దారి, రోజూ తిప్పుతున్న చెయ్యి కాబట్టి భయం ఉండదు. మా మరిది కొడుక్కి అది బాగా కలిసొచ్చింది. ఫలానా కడ్డీ పక్క అద్దంలో కనబడగానే స్టీరింగ్ పూర్తిగా తిప్పాలి, ఫలానా చోట నిఠారు చెయ్యాలి అని ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేవాడు. ఒక్క కడ్డీ కూడా తగలకుండా రివర్స్ చేసి వచ్చాడు. కానీ ట్రాక్ మీద ఆటో అడ్డం రాదు, గేదె రాదు, రాంగ్ రూట్‌లో బండి రాదు, వాన కూడా పడదు.

లైసెన్సు వచ్చిన రెండో వారంలో ఒక సాయంత్రం వాడొక్కడే మా ఇంటికి బయల్దేరాడు. కాజ టోల్‌గేట్ దాటాక వాన అందుకుంది. ఏసీ ఆపి, అద్దాలన్నీ ఎక్కించుకున్నాడు. రెండు నిమిషాల్లో ముందు అద్దం లోపల నుంచి ఆవిరి పట్టేసింది. కర్చీఫ్‌తో తుడిస్తే మరింత మసకైంది. పక్కనుంచి లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోతుంటే హైవే అంచున ఆపేసి, "పెద్దమ్మా, ఏమీ కనబడట్లేదు, ఏం చెయ్యాలి?" అని నాకు ఫోన్ చేశాడు. ఏసీ వేసి గాలిని ముందు అద్దం మీదికి తిప్పమన్నాను. నిమిషంలో అద్దం తేటపడింది. అంత చిన్న సంగతి వాడికెవరూ చెప్పలేదు, ఎందుకంటే నేర్చుకున్న నెలలో ఒక్కసారి కూడా వాన పడలేదు. వాడి తప్పు కాదు. ఆ ఫోను పెట్టేశాక మాత్రం నా చేతులు చాలాసేపు వణికాయి.

ఇక ఆగితే ఏం దొరుకుతుంది? పక్కన మనిషి దొరుకుతాడు. ఎల్ఎల్ఆర్ మీద కారు నడిపేటప్పుడు లైసెన్సున్నవాళ్లు పక్కనే, అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చోవాలని చట్టమే చెబుతోంది. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్ ఉండాలి. ఇవి పాటిస్తేనే ఎల్ఎల్ఆర్ మీద నడిపినా ఇన్సూరెన్సు వర్తిస్తుంది. లైసెన్సు చేతికొచ్చాక పిల్లలు మనల్ని పక్కన కూర్చోనివ్వరు, కూర్చున్నా మాట వినరు. మన మాట చెల్లే కాలం ఈ ఆరు నెలలే. దాన్ని ముప్పై రోజులకే ఎందుకు వదులుకోవాలి?

మా అమ్మాయికి మొదటి నెలంతా డ్రైవింగ్ స్కూలే. స్కూల్లో నేర్చుకోవాలా, నాన్న దగ్గరా అని అడిగితే రెండూ కావాలంటాను, కానీ ముందు స్కూలు. కారుకి 21 పని దినాలకి తగ్గకుండా, అందులో కనీసం 10 గంటలు నిజంగా స్టీరింగ్ పట్టించాలని రూలుంది. అంటే రోజుకి దాదాపు అరగంట. చేరేముందు ఇదే అడగండి: ఒక ట్రిప్పులో ఎంతమందిని ఎక్కిస్తారు, మా పిల్ల చేతిలో స్టీరింగ్ ఎన్ని నిమిషాలు ఉంటుంది? మాస్టారు విసుక్కుంటే ఇంకో స్కూలు చూసుకోండి. 2021 జూలై 1 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలు వేరే. అక్కడ కారుకి నాలుగు వారాల్లో 29 గంటలు, అందులో 21 గంటలు ప్రాక్టికల్. అది పూర్తిచేస్తే ఆర్టీఓలో టెస్టు లేకుండానే లైసెన్సు. మామూలు స్కూలు ఇచ్చే సర్టిఫికెట్టుకి ఆ మినహాయింపు లేదు. "మాది కూడా అంతేనండీ" అంటే నమ్మకండి.

స్కూలు కారులో ఒక ఇబ్బంది ఉంది. మాస్టారి కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్ ఉంటాయి. ఎవరు ఆపారో పిల్లలకి తెలియదు. కోర్సు అయిన మర్నాడు మా కారులో కూర్చున్న మా అమ్మాయి మొదటి మలుపులోనే, "స్కూలు కారు ఆగినట్టు మన కారు ఆగట్లేదేంటి నాన్నా?" అంది. మా వారు చెయ్యి హ్యాండ్‌బ్రేక్ మీద నుంచి తియ్యలేదు. అసలు నేర్చుకోవడం ఆ రోజు మొదలైంది.

రెండో నెల ఆదివారాలు తెల్లవారుజామున అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు. ఖాళీగా, వెడల్పుగా ఉంటుంది, గేర్లు అలవాటవుతాయి. మూడో నెల ఊళ్లోకి దిగాం. ఏలూరు రోడ్డు, రామవరప్పాడు రింగ్, బెంజ్ సర్కిల్ కింద నాలుగు వైపుల నుంచి వచ్చే బండ్లు. అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ప్రకాశం బ్యారేజీ. సాయంత్రం ఆరింటప్పుడు ముందు ఆటో, వెనక ఆటో, మధ్యలో స్కూటర్లు. బండి జానెడు కదలడం, ఆగడం. సగం దాటేసరికి "అమ్మా, ఎడమ మోకాలు వణుకుతోంది" అంది. క్లచ్ మీద నుంచి కాలు తియ్యకుండా పది నిమిషాల నుంచి అలాగే పట్టుకుని ఉంది. "పూర్తిగా ఆగినప్పుడల్లా న్యూట్రల్ చేసి కాలు తీసెయ్ తల్లీ, వెనకాల హారన్ కొడితే కొట్టనీ" అన్నాను. తర్వాత రెండు వారాలకి ఆ మోకాలి నొప్పీ లేదు, ఆ టెన్షనూ లేదు. వానలో, రాత్రిపూట ఎదుటి లైట్లు కళ్లలో కొడుతున్నప్పుడు కూడా కావాలనే తీసుకెళ్లాం. అండర్‌బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే దిగకుండా వెనక్కి తిప్పడం కూడా నేర్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కార్లు నీళ్లలో తేలడం చూసిన ఊరు మనది.

అలాగని ఐదున్నర నెలల దాకా సాగదీయకూడదు. లెక్క ఇలా వేసుకోండి. జూన్ 10న ఎల్ఎల్ఆర్ వచ్చిందనుకుందాం. డిసెంబర్ 9తో అది అయిపోతుంది. సెప్టెంబర్ 15న మొదటి టెస్టు పెట్టుకుంటే, ఖర్మకాలి మూడుసార్లు పోయినా అక్టోబర్ మొదటికల్లా మూడూ అయిపోతాయి. 60 రోజులు ఆగినా నవంబర్ 30. ఎల్ఎల్ఆర్ ఇంకా బతికే ఉంటుంది. మొదటి టెస్టే అక్టోబర్ చివరికి నెడితే మూడోసారి పోయాక 60 రోజులు గడిచేలోపు ఎల్ఎల్ఆర్ చచ్చిపోతుంది, మళ్లీ కొత్తది తీసుకోవాలి. స్లాటు దొరకడం కూడా మన చేతిలో ఉండదు. అందుకే మూడు నెలలు నిండి నాలుగో నెల రాగానే వెళ్లమంటున్నాను.

ఒక్క సందర్భంలో మాత్రం ముందు వెళ్లడమే సరి. పిల్ల ఆగస్టులో చెన్నైకో వరంగల్‌కో హాస్టల్‌కి వెళ్లిపోతుంటే, సెప్టెంబరులో టెస్టు కోసం రప్పించడం కష్టం. అప్పుడు 31వ రోజే వెళ్లి తెచ్చుకోనివ్వండి, కానీ సెలవులకి వచ్చినప్పుడు తాళాలు ఇచ్చేసి ఊరుకోకుండా పక్కన కూర్చోండి. టూవీలర్‌కి ఇంత ఆగక్కర్లేదు, సైకిల్ బాగా తొక్కిన పిల్లలకి నెల చాలు. దరఖాస్తులో గేర్ ఉన్నదే పెట్టించండి. గేర్ లేని లైసెన్సుతో తర్వాత బైక్ నడపకూడదు.

16 ఏళ్లకే లైసెన్సు వస్తుంది కదా అంటారు కొందరు. వస్తుంది, 50 సీసీ లోపు గేర్ లేని బండికి. మన ఇళ్లముందున్న స్కూటర్లు 110, 125 సీసీవి. ఆ లైసెన్సు వాటికి పనికిరాదు. 2019లో సవరించిన చట్టం ప్రకారం మైనర్ నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ట్యూషన్‌కి ఆలస్యమవుతోందని తాళాలిచ్చే అమ్మలు ఇది ఒక్కసారి ఆలోచించాలి.

మా అమ్మాయి టెస్టు రోజు ఎల్ఎల్ఆర్, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం రాత్రే ఫైల్లో పెట్టి, చెప్పులొద్దని బూట్లు వేయించాను. హెచ్ ట్రాక్‌లో రివర్స్ మొదలుపెట్టగానే ఇంజిన్ ఆగిపోయింది. గుండె గుభేలుమంది నాకు. తను మాత్రం హ్యాండ్‌బ్రేక్ లాగి, న్యూట్రల్ చేసి, మళ్లీ స్టార్ట్ చేసి, అద్దాలు చూసుకుని మెల్లగా వెనక్కి తెచ్చింది. పాసైంది. కార్డు ఇంకా చేతికి రాలేదు కాబట్టి ఎల్ బోర్డు తియ్యలేదు. ఇంటికి తనే నడిపింది, పక్కన నేను కూర్చున్నాను.