షిమానో 105 క్రాంక్, 165 సైజు: గువ్వలచెరువు ఘాట్ ఎక్కేవాళ్లకు పనికొస్తుందా?

ముందే చెప్పేస్తున్నా, ఈ పొట్టి క్రాంక్ (పెడల్‌ను మధ్య ఇరుసుకు కలిపే ఆర్మ్, ఇది షిమానో కంపెనీ 105 రకం, 165 మిల్లీమీటర్లది) వేసుకుంటే స్పీడు పెరగదు. మోకాలు కుదుటపడుతుంది, అదీ సీటు ఎత్తు, వెనక గేర్లు కూడా సరిచేసుకుంటేనే. క్రాంక్ ఒక్కటి మార్చి మిగతావన్నీ అట్లాగే వదిలేస్తే డబ్బులు దండగ. ఇంతవరకు తెలిస్తే చాలనుకునేవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు.

నా ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న రోడ్ సైకిల్, ఫ్రేమ్ నాకు సరిపోయింది కానీ దానికున్న క్రాంక్ 172.5 మిల్లీమీటర్లది. కడపలో ఊరి చుట్టూ చదును రోడ్ల మీద తిరిగినంతసేపు తేడా ఏమీ తెలీదు. రాయచోటి రోడ్డు పట్టుకుని ఘాట్ మొదలయ్యాక అసలు సంగతి బయటపడుతుంది. పెడల్ పైకొచ్చినప్పుడల్లా మోకాలు మరీ ఎక్కువ మడత పడుతుంది, తొడ పొట్టకు తగులుతుంది (కారం దోశ పొట్ట అని మా ఇంట్లో దానికి పేరు కూడా పెట్టారు), నడుము అటూ ఇటూ ఊగుతుంది, ఇంటికొచ్చి మెట్లెక్కేటప్పుడు మోకాలిచిప్ప ముందు భాగంలో సన్నగా నొప్పి. సీటు ఎత్తు, షూను పెడల్‌కు పట్టించే క్లీట్లు అన్నీ చూసుకున్నాకే క్రాంక్ మీద అనుమానం వచ్చింది.

క్రాంక్ పొడవంటే ఇరుసు మధ్య నుంచి పెడల్ ఇరుసు మధ్య వరకు ఉండే దూరం. టేపుతో కొలవక్కర్లేదు, పెడల్ బిగించే చివర ఆర్మ్ వెనకవైపు చిన్న అక్షరాల్లో వేసి ఉంటుంది, మట్టి తుడిస్తే కనిపిస్తుంది. మామూలుగా దొరికేవి 165, 170, 172.5, 175. ఈ 105 ఆర్7000 మోడల్ 160లో కూడా ఉంది. ఆన్‌లైన్లో కొనేవాళ్లు పార్సిల్ విప్పగానే పెట్టె మీద అంకె కాదు, ఆర్మ్ వెనక అంకె చూసుకోండి. ప్రొద్దుటూరులో మా బావ 165 ఆర్డర్ పెడితే ఎవరో 170 పంపారు, బిగించేశాక తెలిసింది, ఇక వాళ్లు వాపసు తీసుకోలేదు.

నాది కూడా ఆన్‌లైన్లోనే. ఊర్లో అడిగితే 170 తప్ప లేదన్నారు.

బిగించడానికి తీసుకెళ్తే మెకానిక్కు దాన్ని చేత్తో తిప్పి చూసి, "ఇంత పొట్టిది యేస్తే ఘాట్లో బలం యాడ వచ్చాది సామీ" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. 172.5 నుంచి 165కి వస్తే కాలికి దొరికే పట్టు నాలుగు శాతం పైచిలుకు తగ్గుతుంది. కానీ సైకిల్‌కి గేర్లున్నది ఎందుకు? వెనక పెద్ద పళ్ల చక్రం 28 ఉంటే దాన్ని 30 చేస్తే పోయింది మొత్తం తిరిగొచ్చి, పైన ఇంకొంచెం మిగులుతుంది. నేను 11-28 క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి, చిన్నదానికి 11 పళ్లు, పెద్దదానికి 28) తీసేసి 11-30 వేశాను. ఆర్7000 వెనక డిరైలర్‌లో (చైన్‌ను జరిపి గేరు మార్చేది) పొట్టి కేజ్‌ది 30 వరకే తీసుకుంటుంది కాబట్టి అంతకు మించి ఆశపడలేదు. చైన్ పొడవు చాలుతుందో లేదో మాత్రం ముందూ వెనకా పెద్ద చక్రాల మీద వేసి చూసుకోవాలి.

అసలు లాభం ఎక్కడొస్తుందో చాలామంది సరిగ్గా పట్టించుకోరు. ఆర్మ్ 7.5 మిల్లీమీటర్లు తగ్గితే కింద పెడల్ అంత పైకొస్తుంది, కాబట్టి సీటును కూడా 7.5 పైకి లేపాలి, లేకపోతే కాలు పూర్తిగా చాచుకోదు, మోకాలు ఇంకా చెడుతుంది. సీటు లేపాక పైన చూడండి: పెడల్ 7.5 కిందికి దిగింది, మనం 7.5 పైకి లేచాం, మొత్తం 15 మిల్లీమీటర్లు. ఒకటిన్నర సెంటీమీటరు అంటే కాగితం మీద చిన్నదే, ఘాట్ మధ్యలో తొడకు, పొట్టకు మధ్య ఆ సందు దొరికితే ఊపిరి తీసుకోవడం తేలికవుతుంది. సీటు లేపితే హ్యాండిల్ ఆ మేరకు కిందికి పోయినట్టవుతుంది, హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్ పైనున్న స్పేసర్ రింగు ఒకటి తీసి దాని కింద వేయించాను, నడుము అడిగింది మరి.

బిగించడం సులువే. ఇరుసు 24 మిల్లీమీటర్లు, క్రాంక్ ఏ సైజైనా అదే, కాబట్టి బీబీ (ఇరుసు తిరిగే బేరింగులు) మార్చే పని లేదు. పాతదానికి ముందు చక్రాలకున్న 50-34 పళ్లే తీసుకుంటే ముందు డిరైలర్‌ను కూడా ముట్టుకోనక్కర్లేదు. ఎడమ పెడల్ మరలు ఉల్టా తిరుగుతాయని గుర్తుంచుకుంటే చాలు. ఎడమ ఆర్మ్ దగ్గరున్న రెండు బోల్టులు మాత్రం అందాజుగా బిగించనివ్వొద్దు. ముందు ప్లాస్టిక్ మూతతో ఇరుసు ఆట తీసేసి, తర్వాత ఒకటి విడిచి ఒకటి కొంచెం కొంచెంగా, 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల దాకా. టార్క్ రెంచ్ లేని షాపైతే మనదే పట్టుకుపోవడం మంచిది. తొక్కే బలాన్ని వాట్లలో చూపే పవర్ మీటర్ ఉన్నవాళ్లు యాప్‌లో క్రాంక్ పొడవు కూడా మార్చాలి, లేకపోతే అది చూపించే వాట్లు తప్పు.

తొక్కుడు సంగతి. మొదట్లో కాళ్లు బొంగరంలా తిరుగుతున్నట్టు ఉంటుంది. పాదం అదే వేగంతో కదిలినా నిమిషానికి 80 తిప్పేచోట దాదాపు 84 తిప్పుతాం, కాబట్టి అలవాటైన దానికంటే కాస్త తేలిక గేరు వాడాల్సి వస్తుందని కొన్నాళ్లు నమ్మలేం. కొద్ది వారాల్లో ఆ సంగతే మర్చిపోతాం. సీటులో కూర్చునే ఘాట్ ఎక్కడం ఇప్పుడు హాయిగా ఉంది, నడుము ఊగడం ఆగింది, మోకాలి నొప్పి పోయింది. దిగేటప్పుడు వంపుల్లో లోపలి పెడల్ నేలకు తగులుతుందేమోనన్న భయం కూడా కొంచెం తగ్గింది, అయినా ఆ లారీల మధ్య పెడల్ తిప్పుతూ వంపు తీసుకోవాల్సినంత తొందర ఎవరికీ ఉండకూడదు. నిలబడి తొక్కితే మాత్రం 172.5 దిట్టంగా ఉండేదనిపిస్తుంది, ఆ తేడా ఇప్పటికీ ఉంది. నిలబడి ఎక్కే అలవాటున్నవాళ్లకు ఇది నచ్చకపోవచ్చు.

సైజు ఎలా ఎంచుకోవాలని అడిగేవాళ్లకు: గోడకు ఆనుకుని, కాళ్ల మధ్య పుస్తకం గట్టిగా పైకి నొక్కి నేల నుంచి కొలిచి, ఆ మిల్లీమీటర్లను 0.216తో గుణించే లెక్క ఒకటి చాలాకాలంగా తిరుగుతోంది. నాకు 760, అంటే 164 వచ్చింది, బాగానే కుదిరింది. అయినా దాన్ని వేదవాక్కులా పట్టుకోవడం అనవసరం. 2001లో మార్టిన్, స్పిర్డూసో అనే ఇద్దరు పరిశోధకులు 120 నుంచి 220 మిల్లీమీటర్ల దాకా అయిదు సైజులు పెట్టి 16 మంది సైక్లిస్టుల గరిష్ఠ బలాన్ని కొలిచారు. 145కి, 170కి మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు, మరీ చివర్లలో ఉన్న 120, 220 దగ్గరే పడిపోయింది. అంటే అయిదు మిల్లీమీటర్లకు బలం పోతుందన్న టెన్షన్ అక్కర్లేదు, కీలు ఏమంటుందో వినాలి. స్లొవేనియా రేసర్ పొగాచార్ 2024లో 172.5 వదిలి 165కి మారాడు, అదే ఏడు జిరో డి ఇటాలియా, టూర్ డి ఫ్రాన్స్, ప్రపంచ ఛాంపియన్‌షిప్ మూడూ కొట్టాడు, అప్పట్నుంచి అందరికీ 165 పిచ్చి పట్టింది. ఆయన పాత క్రాంక్‌తో అంతకుముందే రెండు టూర్లు గెలిచాడని ఎవరూ చెప్పరు.

కాబట్టి 170తో ఏ నొప్పీ లేకుండా తొక్కుతున్నవాళ్లు దీని జోలికి పోవద్దు. 175 మీద కష్టపడుతున్న మామూలు ఎత్తువాళ్లు, తుంటి పట్టేసేవాళ్లు, హ్యాండిల్ తిప్పితే బూటు ముందు చక్రానికి తగిలే చిన్న ఫ్రేమ్ వాళ్లు, పొట్ట ఉన్నవాళ్లు ఆలోచించొచ్చు. మా బావ ఆరడుగులు, నాది తీసుకుని రింగ్ రోడ్డు దాకా పోయొచ్చి "చిన్నపిల్లల సైకిల్ మాదిరి ఉంది" అన్నాడు.

ఇక ధర. దీనికి పెట్టే డబ్బుకు గేర్లు లేని మామూలు సైకిల్ కొత్తది వస్తుంది, అదొక్కటే నాకు నచ్చనిది. సెకండ్ హ్యాండ్ చూద్దామనుకుంటే 105లో చూడండి. షిమానోవే అయిన అల్టెగ్రా, డ్యూరా-ఏస్ రకాల్లో 2019 జూలైకి ముందు తయారైన 11 స్పీడ్ (వెనక 11 గేర్ల) క్రాంకుల్లో కొన్ని మోడళ్లకు అతుకు ఊడుతోందని షిమానో 2023లో తనిఖీకి పిలిచింది, 105 ఆ జాబితాలో లేదు. నా పాత 172.5 ఇంట్లోనే ఉంది, గీతలున్నాయి కానీ మరలు బాగున్నాయి. కడప చుట్టుపక్కల అయిదడుగుల పది దాటినవాళ్లు ఎవరికైనా కావాలంటే చూసి తీసుకుపోవచ్చు, బేరం ఆడొచ్చు.