“1000 డిగ్రీలు తట్టుకుంటుంది” అంటూ అమ్ముతున్న స్టార్టప్ షీల్డ్‌తో జాగ్రత్త

మోడల్ జెట్‌లు (రిమోట్‌తో నడిపే చిన్న జెట్ విమానాలు) ఎగరేసేవాళ్లు, కొత్తగా టర్బైన్ (వాటికి పెట్టే చిన్న జెట్ ఇంజిన్) కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. టర్బైన్ స్టార్ట్ చేసేటప్పుడు తోక భాగం కాలకుండా కప్పుకునే వెండి రంగు షీల్డ్ సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో బాగా అమ్ముడుపోతోంది. స్టాబ్‌లకి (తోక దగ్గరి అడ్డ రెక్కలకి) తొడిగే రెండు తొడుగులు, ఫిన్ (తోక మీది నిలువు రెక్క) అడుగున చుట్టే ముక్క ఒకటి, స్టీల్ స్టార్టప్ పైపు, ఆ పైపుని టెయిల్ పైపుకి (ఇంజిన్ ఎగ్జాస్ట్‌ని తోక బయటికి పంపే గొట్టానికి) కలిపే గుడ్డ కాలర్. ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో “1000 డిగ్రీల సెల్సియస్”. నేను కొన్నాను. కాస్త పెద్ద మంట వచ్చిన మొదటి స్టార్ట్‌కే తొడుగు ముడుచుకుపోయి, కరిగి ఎలివేటర్‌కి (స్టాబ్ వెనక అంచున కదిలే పలకకి) అంటుకుపోయింది.

అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇదే సరుకు వేరువేరు లేబుళ్లతో తిరుగుతోంది కాబట్టి పేరు చూసి తప్పించుకోవడం ఎలాగూ కుదరదు. సరుకుని చూసి గుర్తుపట్టాలి.

ముందు జరిగింది చెప్తాను. ఎదురుగాలికి ముక్కు పెట్టి, తొడుగులు వేసి, పక్కన స్నేహితుడు మంట ఆర్పే సీఓటూ సిలిండర్ పట్టుకుని నిలబడ్డాక స్టార్ట్ ఇచ్చాం. ఇంజిన్ అంటుకోవడం కాస్త ఆలస్యమైంది. ఆ తర్వాత టెయిల్ పైపులోంచి పసుపు మంట బయటికి తన్నింది. జెట్‌లు నడిపేవాళ్లకి ఇది కొత్తేమీ కాదు, ఈ షీల్డ్ కొనేదే దీనికోసం. మంట కొన్ని సెకన్లే ఉంది. ఆర్‌పీఎం పెరిగి ఐడిల్‌కి (ఇంజిన్ తనంతట తాను నిలకడగా తిరిగే కనీస వేగానికి) చేరాక ఎగ్జాస్ట్ శుభ్రంగానే ఉంది, ఇంజిన్‌కి ఏ ఇబ్బందీ లేదు. కానీ ఎడమ తొడుగు మీద నుంచి పొగ లేస్తోంది. వెంటనే ఇంజిన్ ఆపాం. కూలింగ్ పూర్తయ్యాక తొడుగు తీయబోతే రాలేదు. లాగితే పెయింట్‌తో సహా ఊడొచ్చింది. కింద ఎలివేటర్ పైపొర అరచేతి మేర ఉబ్బింది. వేలితో నొక్కితే లోపలికి దిగిపోతోంది. అంటే లోపలి ఫోమ్ నుంచి పొర విడిపోయిందన్నమాట. పైకి చూస్తే చిన్న మరక, లోపల మాత్రం ఎలివేటర్ పోయినట్టే. దాంతో ఎగరేసే ప్రశ్నే లేదు.

కుడి తొడుగుకి మంట తగల్లేదు. దాన్ని ఇంటికి తెచ్చి బ్లేడుతో విప్పి చూశాను. పైన మెరిసేది అల్యూమినియం రేకు కాదు, అల్యూమినియం పూత పూసిన పాలియెస్టర్ ఫిల్మ్. దాన్ని ఫైబర్‌గ్లాస్ గుడ్డకి మామూలు జిగురుతో అంటించారు. అంచుల్లో వెల్‌క్రో. కుట్టిన దారం కొసని మంట దగ్గర పెడితే చిన్న గోళీలా ముద్దకట్టింది, అంటే అదీ పాలియెస్టరే. పాలియెస్టర్ 260 డిగ్రీల దరిదాపుల్లో కరుగుతుంది, ఫిల్మ్ అంతకన్నా చాలా ముందే ముడుచుకుంటుంది. జిగురు ఇంకా ముందే వదిలేస్తుంది. మధ్యలో ఉన్న గ్లాస్ గుడ్డ ఒక్కటే నిజాయితీ సరుకు, అది 500 డిగ్రీల దాకా బాగానే ఉంటుంది. కానీ కుట్లు ఊడి, ఫిల్మ్ కరిగి కారుతుంటే ఆ గుడ్డ ఒక్కటీ ఏం చేస్తుంది?

మరి ప్యాకెట్ మీద 1000 ఎక్కడి నుంచి వచ్చింది? నా లెక్కలో కొనేవాళ్లంతా తెలుసుకోవాల్సింది ఇదే. వెండి రంగు గుడ్డలకి ఇచ్చే పెద్ద అంకె సాధారణంగా రేడియంట్ హీట్‌కి సంబంధించింది. దూరంగా ఎర్రగా కాలుతున్న వస్తువు నుంచి వచ్చే వేడిని ఆ మెరుపు వెనక్కి కొడుతుంది. వెయ్యి డిగ్రీల్లో ఉన్నది అవతలి వస్తువు, ఈ గుడ్డ కాదు. గుడ్డ తను ఎంత వేడెక్కినా చెడిపోకుండా ఉంటుందో చెప్పే అంకె వేరే ఉంటుంది, అది చాలా తక్కువ. మంటలో మండుతున్న గ్యాస్ నేరుగా వచ్చి తాకుతుంది కాబట్టి మెరుపుతో పనిలేదు. ఎండకి పట్టిన గొడుగు వరదని ఆపుతుందా? పైగా వెట్ స్టార్ట్ (కిరోసిన్ పోగుపడి ఆలస్యంగా అంటుకునే స్టార్ట్) మంటలో మసి ఎక్కువ. ఒక్కసారి మసి పట్టిందంటే ఆ ఉన్న మెరుపూ పోతుంది, మరుసటి స్టార్ట్‌కి అది వేడిని ఇంకా పీల్చుకుంటుంది.

“గాల్లో అంతసేపు ఫుల్ థ్రాటిల్‌లో తిరుగుతాం, అప్పుడు లేని గొడవ స్టార్ట్‌లో ఏంటి” అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. గాల్లో ఉన్నప్పుడు తోక చుట్టూ చల్లగాలి ప్రవాహం ఉంటుంది. ఎగ్జాస్ట్ 500 నుంచి 700 డిగ్రీలున్నా అది ఒక ధారలా నేరుగా వెనక్కి పోతుంది, పోతూ పోతూ టెయిల్ పైపు గోడల మధ్య ఖాళీలోంచి చల్లగాలిని కూడా లాక్కెళ్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఇవేవీ ఉండవు. కంప్రెసర్ ఇంకా నెమ్మదిగా తిరుగుతుంటుంది, గాలి తక్కువ, కిరోసిన్ ఎక్కువ. కంబస్టర్‌లో (ఇంజిన్ లోపల ఇంధనం కాలే గదిలో) కాలాల్సింది బయటికొచ్చి పైపులో కాలుతుంది. ఆ మంటకి తోపు లేదు కాబట్టి తోచినట్టు పైకి లేస్తుంది. వెనక నుంచి చిన్న గాలి వీచినా ఫ్యూజిలేజ్‌లోకే (విమానం బాడీలోకే) తిరుగుతుంది. మన ఎయిర్‌ఫ్రేమ్ (ఇంజిన్ కాక మిగతా విమానం) సంగతా, ఫైబర్ పొరల్ని పట్టి ఉంచే ఎపాక్సీ గది వేడిలో ఆరబెట్టినదైతే చాలావరకు 60, 70 డిగ్రీలకే మెత్తబడుతుంది. లోపల స్టైరో ఫోమ్ ఉంటే అదీ అంతే, కాస్త అటూఇటూ. ఇక్కడ ఎపాక్సీని మంటల నుంచి కాపాడితే సరిపోదు, వేడి నీళ్లంత వేడి కూడా తగలకుండా చూడాలి. అందుకే గుడ్డ కాలకపోయినా, అది పొరకి అతుక్కుని ఉంటే చాలు, కింద నష్టం జరిగిపోతుంది. తొడుగుకీ స్టాబ్‌కీ మధ్య వేలెడు గాలి సందు ఉండాలి. ఈ సెట్‌లో వెల్‌క్రో బిగిస్తే తొడుగు చర్మంలా అతుక్కుంటుంది. సందు నిలబెట్టడానికి ఏ ఏర్పాటూ లేదు.

కాలర్ సంగతి ఇంకా దారుణం. దాన్ని చూడగానే పక్కన పడేశాం, మీరూ పడేయండి. స్టార్టప్ పైపు అనేది టెయిల్ పైపు కన్నా వెడల్పుగా, కొంచెం వెనగ్గా, చుట్టూ ఖాళీ వదిలి పెట్టాల్సిన వస్తువు. ఆ ఖాళీలోంచే ఎగ్జాస్ట్ చల్లగాలిని లాక్కుంటుంది. కాలర్ వేసి మూసేస్తే ఆ చల్లగాలి (బైపాస్ గాలి) పోయే దారి ఉండదు, వేడి ఫ్యూజిలేజ్‌లోనే ఉండిపోతుంది. లోపల ఫ్యూయల్ ట్యూబులు, సర్వో వైర్లు, బ్యాటరీ ఉంటాయి కదా! తోక కాపాడబోయి మొత్తం విమానాన్ని పొయ్యిలో పెట్టే డిజైన్ అది. దాన్ని గీసినవాడు ఒక్కసారైనా టర్బైన్ స్టార్ట్ చేశాడంటే నేను నమ్మను.

అమ్మినవాళ్లకి ఫోటోలు పంపితే వచ్చిన జవాబు: “ఈ ప్రోడక్ట్ రేడియంట్ హీట్ కోసం మాత్రమే, మంట నేరుగా తగలకూడదు.” బాగానే ఉంది. మరి ప్రకటనలో టెయిల్ పైపులోంచి మంట వచ్చి ఇదే తొడుగుని నాకుతున్న ఫోటో ఎందుకు పెట్టారని అడిగాను. దానికి జవాబు లేదు. వాడిన వస్తువు కాబట్టి వాపసు తీసుకోవడం కుదరదన్నారు. ఎలివేటర్ గురించి మాటే లేదు. మంట తగలకుండా స్టార్ట్ చేయగలిగితే నాకీ తొడుగు దేనికండీ?

ఈ సెట్టే అని కాదు, ఏ హీట్ షీల్డ్ కొన్నా నాలుగు మాటలు అడగండి. పైపొర రేకా, ఫిల్మా? ఎప్పుడూ తట్టుకునే వేడి ఎంత, రేడియంట్ అంకె ఎంత, రెండూ విడివిడిగా చెప్పమనండి. కుట్టిన దారం ఏంటి? గ్లాస్, స్టీల్, కెవ్లార్ దారాలు కరగవు. మసక వెలుగులో తీసిన మెరుపు ఫోటో పంపి ఊరుకుంటే కొనకండి. సిలికాన్ పూత ఉన్న గ్లాస్ గుడ్డలూ వస్తున్నాయి, పూత 260 డిగ్రీల దాకా బాగుంటుంది, ఆపైన పొగ వస్తుంది గానీ కరిగి కారదు. వెల్డింగ్ వాళ్లు నిప్పురవ్వలకి వాడే సిలికా గుడ్డ వీటన్నిటికన్నా మేలు, 900 డిగ్రీలు దాటినా గట్టిగా నిలబడుతుంది. చూడ్డానికి అందంగా ఉండదు, అంతే.

చేతికొచ్చాక విమానం మీద వేయకముందే పరీక్ష చేయండి. పాడైపోయిన ఫైబర్ ముక్క ఒకటి తీసుకుని, దాని మీద షీల్డ్ మూల పరిచి, ఆరుబయట గ్యాస్ టార్చ్‌తో కొన్ని సెకన్లు కాల్చండి. టార్చ్ మంట టర్బైన్ మంట కన్నా వేడిగా ఉంటుంది కాబట్టి టార్చ్ మూతికి దగ్గరగా కాదు, కొసమంట మాత్రమే తగలాలి. తర్వాత ఫైబర్ ముక్క అడుగున చెయ్యి పెట్టి చూడండి. పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ షీల్డ్ మీ స్టాబ్‌ని కాపాడదు, లేబుల్ ఏం చెప్పినా సరే. కాలర్‌తో పాటు వచ్చిన స్టీల్ పైపు మాత్రం పనికొస్తుంది, నేను దాన్ని ఉంచుకున్నాను. నేలకి గట్టిగా కట్టండి, ఐడిల్ రాగానే తీసేయండి, అది ఉండగా థ్రాటిల్ ముట్టుకోవద్దు.

షీల్డ్ లేకపోతే ఏం చేయాలంటారా? పాతవాళ్లు తడి గుడ్డ వేస్తారు, నవ్వుకోకండి. నీళ్లున్నంతసేపూ ఆ గుడ్డ వంద డిగ్రీలు దాటదు, కొన్ని సెకన్ల మంటకి అది చాలు. జారి ఇన్‌టేక్ (ఇంజిన్ గాలి పీల్చుకునే దారి) వైపు పోకుండా క్లిప్పులు పెట్టాలి. సిరామిక్ వూల్ దుప్పటి చాలామంది సలహా ఇస్తారు, వేడికి తిరుగులేదు గానీ దాని పీచు రాలుతుంది. ఆ పీచుని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకం కావచ్చని 2బి వర్గంలో పెట్టింది, పైగా పక్కనే గాలి పీల్చే ఇంజిన్ ఉంది. గుడ్డ సంచిలో కుట్టకుండా వాడొద్దు.

స్టార్ట్ ఫెయిలైతే వెంటనే మళ్లీ ప్రయత్నించొద్దు. లోపల మిగిలిన కిరోసిన్‌ని ఇంజిన్ మాన్యువల్‌లో చెప్పినట్టు వంపేసి, పైపు తుడిచి, అప్పుడు ఇవ్వండి. పెద్ద మంటలు ఎక్కువగా రెండో ప్రయత్నంలోనే వస్తాయి. మంట ఆర్పడానికి సీఓటూ మాత్రమే, పౌడర్ కొట్టారంటే మంటతో పాటు టర్బైన్ కూడా పోతుంది.

ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్లు పార్సెల్ తెరిచేటప్పుడే వీడియో తీయండి, ప్రకటనలోని మంట ఫోటో స్క్రీన్‌షాట్ దాచుకోండి, ఎందుకంటే నేను అమ్మినవాళ్లకి రాసిన తర్వాత ఒక చోట ఆ ఫోటో మార్చేశారు. వాడకుండా తిప్పి పంపితే డబ్బు వెనక్కిస్తున్నారు, వాడితే ఇవ్వడం లేదు. దారం కొస ఒక్కటి కత్తిరించి కాల్చి చూస్తే చాలు, దానికి వాడినట్టు లెక్క రాదు. మీకొచ్చిన సెట్‌లో దారం కరగకపోతే ఇక్కడ రాయండి, కుట్టు దగ్గర నుంచి తీసిన ఫోటోతో సహా. కొత్త సరుకులో ఏమైనా మార్చారేమో చూద్దాం.